కోచింగ్ తీసుకోబోయే ముందు, తీసుకుంటున్నప్పుడు

కోచ్ సాయం తీసుకోవాలన్న ఆలోచన వచ్చినవారు సాధారణంగా ముందుగా వాకబు చేసేది మంచి కోచ్ ఎవరన్న సంగతి. నిజానికి అంతకంటే ముందు తేల్చుకోవలసింది, తమకున్న ఇబ్బంది అసలు కోచింగ్‌తో తీరేదేనా అన్న విషయం. అది తేల్చుకోకుండా రుసుము కట్టినవారిలో కొందరు రెండు మూడు సమావేశాలు గడిచేసరికి ‘ఈయన అన్నీ నన్నే అడుగుతున్నారు తప్ప తానేమీ చెప్పడం లేదు’ అని విసుక్కుంటారు. సలహా కోసం వెళ్లినవారికి ప్రశ్నలు ఎదురైతే ఆ విసుగు సహజమే. మీ గురించి మీకు తెలిసిన సంగతులను మీచేతనే పైకి తీయించి, వాటి ఆధారంగా మీరే ఒక నిర్ణయానికి వచ్చేలా చూసి, ఆ నిర్ణయం అమలయ్యేదాకా వెన్నంటి ఉండే ఏర్పాటు పేరే కోచింగ్. ఇందులో పని భారం ఎక్కువగా మోసేది తీసుకునేవారే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, ఎవరిని ఎంచుకోవాలి, ఏం అడగాలి, ఎప్పుడు ఆపేయాలి అన్న ప్రశ్నలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

ఈ రంగంలో ఎక్కువ దేశాల్లో గుర్తింపు ఉన్న సంస్థ ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్. 1995లో ఏర్పడిన ఈ సంస్థ ఇచ్చిన నిర్వచనం ప్రకారం, క్లయింటుతో భాగస్వామిగా కలిసి, ఆలోచన రేకెత్తించే సృజనాత్మక ప్రక్రియ ద్వారా, వారు తమ వ్యక్తిగత, వృత్తిపరమైన సామర్థ్యాన్ని వీలైనంత ఎక్కువగా వినియోగించుకునేలా ప్రేరేపించడమే కోచింగ్. నిర్వచనం కాస్త గంభీరంగా ఉన్న మాట నిజమే. అందులోంచి మనం గట్టిగా పట్టుకోవలసింది, ఇక్కడ గురుశిష్య సంబంధం లేదన్న సంగతి. పోటీ పరీక్షలకు ఇచ్చే శిక్షణలో పాఠం చెప్పేవారికి జవాబు తెలుసు, వినేవారికి తెలియదు. మనం మాట్లాడుకుంటున్న కోచింగ్‌లో మీ ఉద్యోగం, మీ ఇల్లు, మీ భయాలు, మీ ఆశలు కోచ్‌కు తెలిసే అవకాశమే లేదు కాబట్టి జవాబు మీ వైపు నుంచే రావాలి.

మీ ఇబ్బంది ఏ కోవకు చెందుతుంది

ఒక కాగితం తీసుకుని మీ ఇబ్బందిని ఐదారు వాక్యాల్లో రాయండి. ఫోన్‌లో టైపు చేయడం కంటే చేత్తో రాయడం మేలు. కొట్టివేతలు కూడా మిగిలి ఉంటాయి కాబట్టి మొదట ఏమనుకుని తరువాత ఏమని దిద్దుకున్నారో కనిపిస్తుంది. రాశాక ఆ వాక్యాల్లో ఎక్కువ వాటికి కర్త ఎవరో చూడండి. ‘మా మేనేజరు నా పనిని పట్టించుకోరు’, ‘మా అబ్బాయి మాట వినడు’, ‘మా భాగస్వామికి వ్యాపారం మీద శ్రద్ధ లేదు’ అంటూ ప్రతి వాక్యమూ ఇంకొకరి మీదుగానే నడుస్తుంటే, ఆ సమస్య కోచింగ్‌కు ఇంకా సిద్ధంగా లేదని అర్థం. అక్కడ లేని మనిషిని ఏ కోచ్ అయినా మార్చలేరు. అదే సంగతిని ‘మేనేజరుతో జీతం విషయం మాట్లాడాలని ఏడాదిగా అనుకుంటున్నాను, గదిలోకి వెళ్లేసరికి ఇంకేదో ఎత్తుకుని బయటికి వచ్చేస్తున్నాను’ అని రాయగలిగితే పని మొదలుపెట్టడానికి పట్టు దొరికినట్టే.

తరువాత చూడవలసింది లోటు ఎక్కడుందన్నది. మీకు తెలియని విషయం ఏదైనా నేర్చుకుంటే సమస్య తీరిపోతుందంటే మీకు కావలసింది శిక్షణ. లెక్కలు చూసుకోవడం రాక వ్యాపారం నష్టపోతున్న మనిషి నేర్చుకోవలసింది లెక్కలే. ఒక నిపుణుడు వచ్చి పరిశీలించి ఇలా చేయండని చెబితే సరిపోయే పనికి సలహాదారు కావాలి. మీరు నడవబోయే దారిలో ఇప్పటికే నడిచి, అందులోని ఎత్తుపల్లాలు చెప్పగలిగే పెద్దమనిషి కావాలనుకుంటే మెంటార్‌ను వెతుక్కోవాలి. ఇక ఏం చేయాలో సుమారుగా తెలిసినా చేయలేకపోతున్నప్పుడు, రెండు మంచి దారుల్లో ఏది పట్టాలో తేలనప్పుడు, కొత్త పదవిలోకి వచ్చాక పాత అలవాట్లు అడ్డం పడుతున్నప్పుడు, ఒకే నిర్ణయం నెలల తరబడి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు పడి ఉన్నప్పుడు కోచింగ్ పనికివస్తుంది. శిక్షణ, సలహా, మెంటారింగ్, కోచింగ్ అన్న ఈ నాలుగు పనులనూ కలగలిపి చేసేవారు లేకపోలేదు, అందులో తప్పూ లేదు. అయితే ఎప్పుడు సలహా ఇస్తున్నారో, ఎప్పుడు కోచ్‌గా మాట్లాడుతున్నారో వారికి స్పష్టంగా తెలిసి ఉండాలి, మీకు చెప్పాలి కూడా.

వీటన్నిటికంటే జాగ్రత్తగా గీయవలసిన గీత మానసిక వైద్యానికి, కోచింగ్‌కు మధ్య ఉన్నది. దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఒకప్పుడు ఇష్టపడిన పనుల మీద కూడా ఆసక్తి చచ్చిపోవడం, నిద్రా ఆకలీ దెబ్బతినడం వంటివి రెండు వారాలకు మించి కొనసాగుతుంటే వెళ్లవలసింది వైద్యుల దగ్గరికో, మానసిక నిపుణుల దగ్గరికో. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తుంటే క్షణం ఆగకుండా వైద్య సహాయం తీసుకోవాలి. మద్యం వంటి వ్యసనాలు, పాత ఆఘాతాలు, ఇంట్లో హింస కూడా కోచ్ చేతిలో పెట్టవలసినవి కావు. మంచి కోచ్ ఇలాంటి సూచన కనిపించగానే పని ఆపి, తగినవారి దగ్గరికి వెళ్లమని చెబుతారు. చికిత్స తీసుకుంటూనే మరో విషయం మీద కోచింగ్ కొనసాగించేవారు ఉన్నారు కానీ, అది చికిత్స చేస్తున్నవారికి తెలిసి జరగాలి.

ఇంకో రకం ఇబ్బంది ఉంది, దాని గురించి కోచింగ్ రంగంలో తగినంత మాట్లాడుకోవడం లేదని నా అభిప్రాయం. ఐదుగురు చేయవలసిన పనిని ముగ్గురి నెత్తిన పెట్టి, వారు అలసిపోతే ‘ఒత్తిడిని తట్టుకోవడానికి’ కోచ్‌ను ఏర్పాటు చేసే సంస్థలుంటాయి. అక్కడి లోపం మనిషిలో లేదు, పని పంపకంలో ఉంది. ఆ పరిస్థితిలో కోచింగ్ తీసుకుంటే, పరిస్థితిని ఎలా ప్రశ్నించాలి, లేదా ఎప్పుడు బయటపడాలి అన్నదాని మీద తీసుకోండి. ఇంకా ఎక్కువ ఎలా భరించాలి అన్నదాని మీద మాత్రం వద్దు.

ప్రశ్నలతోనే ఎందుకు నడుస్తుంది

దీని వెనుక ఉన్న చరిత్ర చిన్నదే అయినా తెలుసుకుంటే పద్ధతి అర్థమవుతుంది. అమెరికాలో టెన్నిస్ నేర్పే తిమోతీ గాల్వే 1974లో ఒక పుస్తకం వెలువరించారు. చెయ్యి ఇలా పట్టు, కాలు అలా పెట్టు అని ఆటగాడికి ఎడతెగకుండా చెప్పే కొద్దీ అతని మనసు తనను తాను తిట్టుకుంటూ ఆటను చెడగొడుతుందని, దానికి బదులు బంతిని ఎలా గమనిస్తున్నాడో అడిగితే ఆట దానంతట అదే మెరుగుపడుతుందని ఆయన వాదించారు. ఒకప్పుడు కార్ల పందేల్లో పాల్గొన్న బ్రిటన్ వాసి జాన్ విట్మోర్ ఈ ఆలోచనను ఆఫీసుల్లోకి తెచ్చినవారిలో ముఖ్యుడు. 1980లలో ఆయనా, ఆయన సహచరులూ వాడుకలోకి తెచ్చిన నాలుగు మెట్ల పద్ధతి 1992లో విట్మోర్ రాసిన పుస్తకంతో ప్రపంచమంతా పాకింది. ఇంగ్లిషు అక్షరాలను కలిపి దాన్ని ‘గ్రో’ అంటారు: ఏం కావాలి (గోల్), ఇప్పుడు ఎక్కడున్నారు (రియాలిటీ), ఏయే మార్గాలున్నాయి (ఆప్షన్స్), ఏది చేస్తారు (విల్). వ్యక్తిగత కోచింగ్ వైపు చూస్తే, అమెరికాలో ఆర్థిక ప్రణాళికా సలహాదారుగా పనిచేసిన థామస్ లెనార్డ్ పేరు చెప్పుకోవాలి. 1992లో కోచ్‌లకు శిక్షణ ఇచ్చే సంస్థను మొదలుపెట్టినదీ, 1995లో పైన చెప్పిన ఫెడరేషన్‌ను స్థాపించినదీ ఆయనే.

ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు

వ్యక్తిగత కోచింగ్, వృత్తిపరమైన కోచింగ్ అని రెండుగా విడదీసి చెప్పడం పరిపాటి. సమావేశంలో కూర్చున్నాక ఆ గీత నిలవదు. పదోన్నతి గురించి మొదలైన మాట పిల్లల చదువు మీదికి, ముసలి తల్లిదండ్రుల ఆరోగ్యం మీదికి వెళుతుంది. బరువు తగ్గాలని వచ్చిన మనిషి రాత్రి పదింటిదాకా ఆఫీసులో ఎందుకు ఉంటున్నాడన్న దగ్గర ఆగుతుంది. నిజమైన తేడా రుసుము ఎవరు కడుతున్నారన్న దానిలో ఉంది.

మీరే కట్టుకుంటే ఒప్పందం ఇద్దరి మధ్యే. సంస్థ కడితే ముగ్గురి మధ్య ఒప్పందం అవుతుంది: మీరు, కోచ్, ఖర్చు భరిస్తున్న సంస్థ. అప్పుడు మొదటి సమావేశానికి ముందే, వీలైతే రాతపూర్వకంగా, కొన్ని సంగతులు తేల్చుకోవాలి. సమావేశాలకు వచ్చారా లేదా అన్నది, పెట్టుకున్న లక్ష్యాలు ఏమిటన్నది సంస్థకు తెలియజేయడం సాధారణంగా జరిగేదే. లోపల మాట్లాడుకున్న మాటలు మాత్రం బయటికి పోకూడదు. పురోగతి గురించి సంస్థకు చెప్పవలసి వస్తే మీరే చెప్పడం, లేదా కోచ్ మీ సమక్షంలో చెప్పడం మంచి పద్ధతి. ప్రాణాపాయం, చట్టరీత్యా తప్పనిసరిగా చెప్పవలసిన సంగతులు వంటి మినహాయింపులు ఏమిటో కూడా ముందే అడగండి. మీరు ఉద్యోగం మానేయాలనుకుంటున్నట్టు ఆ గదిలో చెబితే ఏమవుతుందని కోచ్‌ను సూటిగా అడిగి చూడండి. తడుముకోకుండా జవాబు వస్తే ఒప్పందం గట్టిదని నమ్మవచ్చు. నీళ్లు నమిలితే ఆ గదిలో ఏం మాట్లాడాలో మీరే జాగ్రత్త పడాలి.

మీ పైఅధికారి మీకు కోచ్‌గా ఉంటానంటే సంతోషించండి కానీ, అది పూర్తి కోచింగ్ కాదని గుర్తుంచుకోండి. ఆయన ప్రశ్నలు అడిగి మీచేత ఆలోచింపజేయడం మంచి నాయకత్వ లక్షణమే. అయినా ఏడాది చివర మీ పనికి మార్కులు వేసేది కూడా ఆయనే కదా. అలాంటివారి ముందు లోపల ఉన్నదంతా విప్పి చెప్పమనడం న్యాయం కాదు.

కోచ్‌ను ఎంచుకోవడం

వైద్యులకో న్యాయవాదులకో ఉన్నట్టు ఈ వృత్తికి చాలా దేశాల్లో ప్రభుత్వ లైసెన్సు ఏదీ లేదు. నిన్నటిదాకా వేరే ఉద్యోగం చేసినవారు ఈ రోజు కోచ్ అని పేరు పక్కన రాసుకోవచ్చు. అందుకే ధ్రువపత్రాలకు కొంత విలువ ఉంది. ఫెడరేషన్ ఇచ్చే గుర్తింపుల్లో మూడు స్థాయిలున్నాయి: మొదటిదైన ఏసీసీ (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్)కి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం, తరువాతిదైన పీసీసీ (ప్రొఫెషనల్ సర్టిఫైడ్ కోచ్)కి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం, అన్నిటికంటే పైదైన ఎంసీసీ (మాస్టర్ సర్టిఫైడ్ కోచ్)కి 200 గంటల శిక్షణ, 2,500 గంటల అనుభవం ఉండాలి. ఇవి కనీస ప్రమాణాలు. గంటలు పూర్తిచేసినంత మాత్రాన మీకు సరిపోతారని చెప్పలేం కానీ, వాటిలో ఏదీ లేని మనిషి తన అనుభవాన్ని ఇంకో విధంగానైనా చూపించగలగాలి.

ధ్రువపత్రం కంటే ఎక్కువగా చూడవలసింది మీ ఇద్దరికీ మాట కలుస్తుందా అన్నది. కోచింగ్ ఫలితాల మీద జరిగిన పరిశోధనల్లో ఇద్దరి మధ్య సంబంధం ఎలా ఉందన్న అంశానికి, వచ్చిన ఫలితానికి లంకె ఉన్నట్టు పలుమార్లు తేలింది. అందువల్ల ఇద్దరు ముగ్గురితో మాట్లాడి చూశాకే నిర్ణయించుకోండి. చాలామంది తొలి పరిచయ సంభాషణకు రుసుము తీసుకోరు. ఆ సంభాషణలో ఎవరు ఎక్కువ సేపు మాట్లాడారో గమనించండి. అరగంటలో ఇరవై నిమిషాలు వారి విజయగాథలే విన్నారంటే రేపు రుసుము కట్టాక కూడా వినేది అవే. మీరు చెప్పిన దానిలోంచి ఒక చిన్న మాటను పట్టుకుని దాని మీద ప్రశ్న వేశారా, లేక ముందే తయారుచేసుకున్న ప్రశ్నల పట్టికను వరసగా చదివారా అన్నది కూడా చాలా చెబుతుంది.

మీరు అడగవలసినవి కూడా ఉన్నాయి. ఎంత శిక్షణ తీసుకున్నారు, ఎలాంటి విషయాల మీద పనిచేశారు, తమ పనిని ఎప్పటికప్పుడు మరో అనుభవజ్ఞుడితో సమీక్షించుకుంటారా, మధ్యలో మానేస్తే రుసుము సంగతేమిటి, నోట్సు రాసుకుంటే అవి ఎక్కడ దాస్తారు. వీటన్నిటికంటే నాకు ఎక్కువ పనికివచ్చేదిగా కనిపించే ప్రశ్న ఒకటుంది: “ఎలాంటివారు మీ దగ్గరికి రాకూడదు?” ఆలోచించి, ‘ఫలానా రకం సమస్యలకు నేను తగను, అలాంటివారిని వేరేచోటికి పంపుతాను’ అని చెప్పగలిగినవారికి తమ వృత్తి హద్దులు తెలుసు. అందరికీ అన్నిటికీ పనికివస్తానన్నవారిని నమస్కారం పెట్టి వదిలేయడం మంచిది.

తొంభై రోజుల్లో జీతం రెట్టింపు చేయిస్తామని, జీవితం మార్చేస్తామని అరచేతిలో వైకుంఠం చూపించేవారి జోలికి వెళ్లకండి. ఫలితం మీ చేతుల్లో ఉన్న పనికి ఇంకొకరు హామీ ఎలా ఇవ్వగలరు? ఈ రోజే కడితే సగం ధర అని తొందరపెట్టేవారు, మందులు మానేయమనేవారు, కొద్ది వారాలకే ‘మీరు కూడా కోచ్ కావచ్చు, మా దగ్గరే కోర్సు ఉంది’ అని ఇంకో రుసుము ముందు పెట్టేవారు కూడా అదే కోవలోకి వస్తారు.

ఒక సమావేశం లోపల

పద్ధతుల గురించి ఎంత చదివినా, లోపల జరిగే సంభాషణను దగ్గరగా చూస్తేనే విషయం బోధపడుతుంది. కొత్తగా టీం బాధ్యత తీసుకున్న ఒకరు, పని పంచడం తనకు చేతకావడం లేదని వచ్చారనుకుందాం. ఇది కల్పించిన ఉదాహరణే అయినా ఇలాంటి సమావేశాలు సాధారణంగా ఇదే తీరులో నడుస్తాయి.

“ఈ గంటలో ఏది తేలితే మీకు ఉపయోగం?”

“పని పంచడం నాకు రావడం లేదండీ. అన్నీ నేనే చేసుకుంటున్నాను.”

“ఈ మధ్య జరిగిన ఒక సందర్భం చెప్పండి.”

“పోయిన నెల నివేదిక. మా టీంలో ఒకావిడకు అప్పగించాను. ఆవిడ ఇచ్చాక రాత్రి కూర్చుని మొత్తం మళ్లీ నేనే రాశాను.”

“ఆవిడ రాసినదానిలో ఏం తక్కువైంది?”

“నిజానికి... పెద్దగా ఏమీ లేదు. అంకెలన్నీ సరిగానే ఉన్నాయి. నేను రాసే పద్ధతిలో లేదు, అంతే.”

“మీ పద్ధతి ఏమిటో ఆవిడకు తెలుసా?”

“చెప్పలేదు.”

“మీరు తిరగరాశారని తెలుసా?”

“తెలిసే ఉంటుంది. ఈ నెల సగం రాసి ఇచ్చేసింది. ఇదేమిటంటే, ‘మీరెలాగూ మారుస్తారు కదండీ’ అంది.”

ఈ చివరి జవాబు దగ్గర మంచి కోచ్ వెంటనే ఇంకో ప్రశ్న వేయరు. ఆ మాట చెప్పిన మనిషి చెవిలోనే అది కాసేపు మోగనిస్తారు. ఇంతసేపూ ఆ మనిషి తన చేతకానితనం గురించి మాట్లాడుతున్నానని అనుకున్నారు. టీంలోని వారు పని తగ్గించుకోవడం తాను నేర్పిన అలవాటేనని ఇప్పుడు తన నోటితోనే చెప్పారు. ఇదే విషయాన్ని కోచ్ చెప్పి ఉంటే తలాడించి ఇంటికి వెళ్లేవారు, లేదా కాదని వాదించేవారు. తానే చెప్పడం వల్ల తప్పించుకునే వీలు లేకపోయింది. ‘ఎందుకు అలా చేశారు’ అన్న ప్రశ్న ఈ సంభాషణలో ఒక్కసారి కూడా రాలేదన్నది గమనించండి. ఆ ప్రశ్న వినగానే మనిషి తనను తాను సమర్థించుకునే పనిలో పడతాడు. ఏం జరిగింది, ఏం తక్కువైంది, ఎవరికి తెలుసు అన్న ప్రశ్నలకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతాడు.

ఇక్కడి నుంచి నిర్ణయం వైపు వెళ్లాలి. ‘ఇకనుంచి టీంను నమ్ముతాను’ అన్న మాట వినడానికి బాగున్నా, రేపు దాన్ని పట్టుకుని చేయగలిగే పనేమీ అందులో లేదు. కోచ్ ఇంకొంచెం అడగ్గా అడగ్గా అదే మాట ఇలా తేలవచ్చు: ‘వచ్చే నెల 25న నివేదిక అప్పగించేటప్పుడు, అందులో తప్పనిసరిగా ఉండవలసిన మూడు అంశాలు కాగితం మీద రాసి ఇస్తాను. చేతికి వచ్చాక నాకు నచ్చనిది కనిపిస్తే గుర్తు పెట్టి వెనక్కి ఇస్తాను, నేను మాత్రం కీబోర్డు ముట్టుకోను.’ ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తానని ముందే ముడిపెట్టుకున్నవారు, ఊరికే అనుకున్నవారి కంటే ఎక్కువగా పని పూర్తి చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1990ల నుంచి చేసిన పరిశోధనలు చూపించాయి. రెండో వాక్యంలో ఉన్నది ఆ ముడే.

చివరగా, “0 నుంచి 10 వరకు, ఇది చేస్తారన్న నమ్మకం మీకు ఎంత ఉంది?” అని అడగవచ్చు. 6 అన్నారనుకోండి. చాలామంది ‘10 ఎందుకు కాదు’ అని అడుగుతారు, దాంతో చేయలేకపోవడానికి కారణాలన్నీ వరసగా బయటికి వస్తాయి. తెలిసినవారు “6 అన్నారు, 4 అనలేదేం?” అని అడుగుతారు. అప్పుడు చేయగలనని తనకెందుకు అనిపిస్తోందో ఆ మనిషే చెప్పుకొస్తారు. ఇలా కొలమానం పెట్టి అడగడం స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ అభివృద్ధి చేసిన చికిత్సా విధానంలో ప్రసిద్ధమైంది. తక్కువ అంకెతో పోల్చి అడగడం విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ పేర్లతో ముడిపడిన సంభాషణా పద్ధతిలో బాగా వాడతారు. కోచింగ్ రెండింటినీ అరువు తెచ్చుకుంది.

రెండు సమావేశాల మధ్య

సమావేశాలు సాధారణంగా రెండు మూడు వారాలకు ఒకసారి, ముప్పావు గంట నుంచి గంట వరకు ఉంటాయి. మూడు వారాల్లో గంటసేపు మాట్లాడినందువల్ల ఎవరూ మారరు. మార్పు ఏదైనా జరిగితే మిగిలిన రోజుల్లోనే జరగాలి. అందుకే ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. అనుకున్న పని చేసిన రోజున, చేయలేకపోయిన రోజున, అప్పుడు ఏం జరిగిందో రెండు ముక్కలు రాయండి. ‘మంగళవారం. నివేదిక వచ్చింది. రెండో పేజీ చూడగానే చేతులు దురదపెట్టాయి. గుర్తులు పెట్టి పంపాను, గంటలో దిద్ది ఇచ్చింది’ అన్నంత చాలు. తరువాతి సమావేశానికి ముందు రోజు ఆ పేజీలు తిరగేసి, ఈసారి ఏ విషయం మీద మాట్లాడాలో మీరే ఒక వాక్యంగా రాసుకుని వెళ్లండి. విషయం ఎంచుకునే పని కోచ్‌కు వదిలేస్తే మొదటి పావుగంట కుశలప్రశ్నలతోనే గడిచిపోతుంది.

అనుకున్నది చేయలేదని మొహమాటపడి సమావేశం వాయిదా వేసుకోవడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు. చేయకపోవడమే ఆ రోజు మాట్లాడవలసిన విషయం. పని పెద్దదైందా, నిజంగా మీకు ఇష్టం లేని లక్ష్యమా, ఇంకెవరి మెప్పు కోసమైనా పెట్టుకున్నారా అన్నది తేలేది అక్కడే. మందలిస్తారన్న భయం వేస్తుంటే ఆ భయాన్నే ముందుగా చెప్పండి.

ఇంకో జాగ్రత్త. ఆటల్లో కోచ్ గట్టు మీద నిలబడి మీ ఆటను కళ్లారా చూస్తారు. ఇక్కడి కోచ్ మాత్రం మీరు చెప్పిన కథ ఒక్కటే వింటారు, ఆ కథలో మీరు ఎప్పుడూ కాస్త మంచివారిగానే కనిపిస్తారు. శస్త్రవైద్యుడు, రచయిత అతుల్ గవాండే ఈ లోటును గుర్తించి, పదవీ విరమణ చేసిన ఒక సీనియర్ సర్జన్‌ను తన ఆపరేషన్ గదికి పిలిపించుకుని, తాను పనిచేస్తుండగా గమనించి చెప్పమన్న సంగతి 2011లో రాశారు. అప్పటికే చేయి తిరిగిన సర్జన్ అయినా, దీపం వెలుగు సరిగా పడటం లేదన్నది, తన మోచెయ్యి పైకి లేస్తోందన్నది బయటి కన్ను చూసేదాకా ఆయనకు తెలియలేదు. మీకు అంత వీలు లేకపోవచ్చు. కనీసం కలిసి పనిచేసేవారు నలుగురైదుగురి నుంచి అభిప్రాయాలు సేకరించి కోచ్ ముందు పెట్టండి, లేదా ఒక మీటింగులో మీరు మాట్లాడినదాన్ని అందరి అనుమతితో రికార్డు చేసి ఇద్దరూ కలిసి వినండి. మీరు ఎదుటివారి మాటకు ఎన్నిసార్లు అడ్డు తగిలారో ఆ రికార్డింగు మొహమాటం లేకుండా చెబుతుంది.

పనిచేస్తోందా, ఎప్పుడు ఆపాలి

సంస్థల్లో జరిగే కోచింగ్ మీద వచ్చిన అధ్యయనాలను కలిపి 2014లో ప్రచురించిన ఒక విశ్లేషణ, పనితీరు, మనశ్శాంతి, ఒత్తిడిని ఎదుర్కోవడం, లక్ష్యం మీద నిలబడటం వంటి విషయాల్లో మొత్తం మీద మేలు జరుగుతోందని తేల్చింది. అది సగటు లెక్క. మీ విషయంలో పనిచేస్తోందా లేదా అన్నది మీరే కొలుచుకోవాలి. దానికి మొదటి సమావేశంలోనే, ఇది ఫలిస్తే మీ చుట్టూ ఉన్నవారికి ఏం తేడా కనిపిస్తుందో రాసి పెట్టుకోండి. ‘ఆత్మవిశ్వాసం పెరగాలి’ అని రాస్తే ఎవరికీ కనిపించదు. ‘వారపు మీటింగులో కనీసం ఒకసారి నా అభిప్రాయం చెబుతాను’, ‘శనివారం ఆఫీసు మెయిల్ తెరవను’ అని రాస్తే ఇంట్లోవారు కూడా సాక్ష్యం చెప్పగలరు. నాలుగో సమావేశం నాటికి ఆ కాగితం తీసి ఇద్దరూ కలిసి చూడండి. సంభాషణలు హాయిగా ఉన్నాయి, బయటికి వస్తే తేలికగా ఉంటోంది, అయినా కాగితం మీద రాసినదాంట్లో ఒక్కటీ కదల్లేదంటే ఆ మాట కోచ్‌తో ముక్కుసూటిగా చెప్పాలి. పద్ధతి మారుస్తారా, లక్ష్యం మారుస్తారా, లేక ఇక్కడితో ఆపుతారా అన్నది అప్పుడే తేల్చుకోవడం ఇద్దరికీ మర్యాద.

ఆపవలసిన మరో సందర్భం దీనికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది. అంతా బాగానే సాగుతుంది కానీ, ప్రతి చిన్న నిర్ణయానికీ ముందు ‘కోచ్‌ను అడిగి చెబుతాను’ అన్న మాట మీ నోట వస్తుంటుంది. కోచ్ వేసే ప్రశ్నలను మీకు మీరే వేసుకోవడం అలవాటు కావాలన్నది మొదటి నుంచీ ఉన్న ఉద్దేశం కాబట్టి, ఆ మాట వినగానే సమావేశాల మధ్య ఎడం పెంచడం మొదలుపెట్టండి: మూడు వారాలను ఆరు వారాలు చేయండి, తరువాత మూడు నెలలకు ఒకసారి కలవండి.

ఆపాలని నిర్ణయించుకున్నాక ఫోన్ ఎత్తడం మానేసి తప్పించుకోవడం కంటే, ఇది చివరి సమావేశమని ముందే చెప్పి కూర్చోవడం మంచిది. ఆ గంటలో కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. మిగిలిన సమయాన్ని పాత అలవాటు మళ్లీ తలెత్తినప్పుడు దాన్ని ఎలా గుర్తుపడతారన్న దాని మీద పెట్టండి. పై ఉదాహరణలోని మనిషైతే, రాత్రి తొమ్మిది తరువాత ఇంకొకరి ఫైలు తన లాప్‌టాప్‌లో తెరిచి ఉందంటే అది మొదటి సూచన అని రాసుకోవచ్చు. అలాంటి రెండు మూడు సూచనలు, ఒక్కొక్కటి కనిపించిన రోజున చేయవలసిన పని, ఆ సంగతి చెప్పుకోవడానికి ఇంట్లోనో ఆఫీసులోనో ఒక మనిషి పేరు కాగితం మీద రాసుకుని ఆ గదిలోంచి బయటికి రండి.